జట్టు గీత దాటేదాకా పస్తు

మొన్న టీవీలో అమెరికా వాళ్ల ఫుట్‌బాల్ గురించి ఏదో చూపిస్తుంటే, చేతిలో పని పక్కన పెట్టి చూస్తూ ఉండిపోయాను. మనం అనుకునే ఫుట్‌బాల్ కాదది, కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకలో ఇరికించుకుని, హెల్మెట్లు తగిలించుకుని ఒకరినొకరు గుద్దుకునే ఆట. ఆట నాకు అర్థం కాలేదు గాని, ఒక జట్టు తాత నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి పొలంలా చేతులు మారుతూ వచ్చిందని చెబుతూ, అద్దాల గదిలో కూర్చున్న ఆ మనవడి ముఖాన్ని దగ్గరగా చూపించారు. జట్టు ఓడిపోతోంది. ఆయన నుదురంతా చెమట. టీవీ కట్టేశాను.

మాకూ ఒక జట్టు ఉండేది. వినుకొండ దగ్గర మా ఊళ్లో తాతగారు పెట్టిన కబడ్డీ జట్టు. ఆటగాళ్లకు మా పత్తి మిల్లులో పని, ఆడినా ఆడకపోయినా జీతం, జబ్బు చేస్తే గుంటూరు ఆసుపత్రి ఖర్చు. తాతగారి తరువాత అది నాన్నగారిది, నాన్నగారి తరువాత అన్నయ్యది అయింది. పొలాలు పంచారు గాని జట్టును పంచలేదు. నాకూ అందులో వాటా ఉండాలి కదా అని ఒకసారి అడిగితే, నేనేదో హాస్యమాడానని ఇంటిల్లిపాదీ నవ్వారు. మిరపకాయలు ఎత్తేశాక ఖాళీ అయిన కల్లంలోనే సాధన చేసేవారు. ఆ మట్టిలో ఘాటు ఎంతగా ఇంకి ఉండేదంటే, మోకాలు చీరుకుపోయిన కొత్త ఆటగాడు మంటకు గంతులేస్తుంటే పాతవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వేవారు. పొరుగూరి జట్లు మా కల్లంలో ఆడటానికి జంకేవి.

జట్టుతో పాటు మా ఇంటికి ఒక ఆచారం కూడా వచ్చింది. తాతగారు మొదటిసారి జట్టును పోటీలకు తీసుకెళ్లినప్పుడు, కుర్రాళ్లు ఎండలో దాహంతో ఆడుతుంటే నేను నీడలో కూర్చుని మజ్జిగ తాగనా అని, వాళ్లు బయటికి వచ్చాకే తానూ గుక్కెడు నీళ్లు తాగారట. ఎంత మంచి మాట. కానీ మంచి మాటను నియమంగా మార్చేసి, దాని అర్థాన్ని పారేసి, అక్షరాన్ని మాత్రం పట్టుకుని వేలాడటం మనవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నాన్నగారి కాలానికి అది ముదిరి, పోటీ రోజు యజమాని తెల్లవారినప్పటి నుంచి జట్టు చివరి ఆట ముగించి గీత దాటేదాకా పచ్చి మంచినీళ్లయినా ముట్టకూడదన్న వ్రతంగా తయారైంది. మధ్యలో విరామమిచ్చినా ఆటగాళ్లు గీత లోపలే కూర్చునేవారు.

తాతగారు కప్పు గెలిచిన మర్నాడు పోయారు. నాన్నగారు కప్పు చేతిలో ఉండగానే కూలిపోయి మళ్లీ లేవలేదు. ఇద్దరికీ షుగరు ఉండేది. వేసవి ఎండలో, షుగరు ఉన్న శరీరంతో, నీళ్లు లేకుండా కూర్చున్న మనిషి పడిపోవడంలో వింతేముంది? కానీ ఊరు ఇంకోలా చెప్పుకుంది. కప్పు ఇంటికి వస్తే యజమానిని తీసుకుపోతుందని. అమ్మ అది నమ్మింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, పత్తిని పచ్చపురుగు తినేసి ఊరంతా దిగాలుగా ఉన్న ఏడాది, అన్నయ్య జట్టు కనిగిరి పోటీల్లో ఫైనల్‌కు చేరింది. అప్పటికే అన్నయ్యకూ షుగరు వచ్చింది. నేను గుంటూరులో కాలేజీలో పాఠాలు చెబుతూ, సెలవు రోజుల్లో సభల్లో మూఢనమ్మకాల మీద నిప్పులు కురిపిస్తూ ఉండేదాన్ని. అదే మాట చెబుదామని ఇంటికి వెళితే, వసారాలో అన్నయ్య ఎదుట అమ్మ ఏడుస్తోంది.

"ఈ కప్పు మనకొద్దురా నాయనా, ఓడిపోయి రండి."

"కప్పు ఏం చేస్తుందమ్మా, పస్తే చంపేది. అన్నం తిని వెళ్లమను," అన్నాను నేను.

జట్టు కెప్టెన్ కూడా అక్కడే ఉన్నాడు. వినుకొండ ముస్లిం కుటుంబం అతనిది. అతని తండ్రి నాన్నగారి జట్టుకు కెప్టెన్, తాత మా తాతగారి జట్టులో ఆడినవాడు. అన్నయ్యను బావా అని పిలిచేవాడు.

"మా రోజాల్లో కూడా జబ్బు చేసినోడికి ఉపవాసం లేదు బావా," అన్నాడతను.

అన్నయ్య నవ్వాడు. "మీ దేవుడు మంచోడురా. మా తాత అంత మంచోడు కాదు."

ఆ నవ్వుతో నా వాదన అంతా గాలికి పోయింది. అమ్మ భయం నాకు మూఢంగా కనిపించేది గాని, నా భయానికి కారణం తెలిసినంత మాత్రాన అది అమ్మ భయం కంటే చిన్నదేమీ కాలేదు.

ఫైనల్ రోజు అమ్మా నేనూ ట్రాక్టర్ తొట్టిలో కూర్చుని చూస్తున్నాం, మా ఇంటి ఆడవాళ్లు గీత దగ్గరికి వెళ్లే అలవాటు లేదు. ఆట మొదలయ్యాక, నాకు ధైర్యం చెప్పడానికన్నట్టు అమ్మ నా చెయ్యి నొక్కింది.

"దిగులుపడకే. తెల్లారకముందే షుగరు మాత్ర నేనే దగ్గరుండి వేయించా."

మాత్ర వేసుకుని తినకపోతే షుగరు ఎంత కిందికి పడిపోతుందో నాకు తెలుసు. మా కాలేజీలో ఒక లెక్చరరు అలాగే పాఠం చెబుతూ చెబుతూ మాట తడబడి స్పృహ తప్పడం కళ్లారా చూశాను. తొట్టి దిగి, పక్కనున్న బండి దగ్గర చెరుకు రసం గ్లాసు పట్టుకుని, జనాన్ని తోసుకుంటూ గీత దగ్గరికి పరుగెత్తాను. అన్నయ్య చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ముఖం సున్నం కొట్టినట్టుంది. నన్ను పోల్చుకోలేక, అమ్మా అని పిలిచి, ఎందుకో తనలో తానే నవ్వుకున్నాడు. గ్లాసు నోటి దగ్గర పెడితే పళ్లు బిగించి తోసేశాడు.

"జట్టు లోపలుంది," అన్నాడు. ఆ రెండు ముక్కలు అనడానికే నాలుక మడతపడింది.

పక్కనున్న పెద్దమనుషులను బతిమాలాను. ఆట అయిపోవచ్చింది, మనమే ముందున్నాం, కాసేపు ఓర్చుకోమ్మా అన్నారు. చుట్టూ అంతమంది మనుషులుండగా, చేతిలో మందు లాంటి తీపి ఉండగా, ఒక ప్రాణం నా కళ్ల ముందే జారిపోతోంది. నేను సభల్లో మాట్లాడిన మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

అప్పుడు కూతకు వెళ్లిన కెప్టెన్ మధ్యలో ఆగిపోయాడు. అన్నయ్య వైపు చూశాడు. కూత వదిలేసి, వెనక్కి తిరిగి, "బయటికి రండ్రా అందరూ," అని అరిచాడు. ఒకడు బిత్తరపోయి నిలబడితే మెడ పట్టుకుని లాక్కొచ్చాడు. మా ఊరి జనమే బూతులు లంకించుకున్నారు. రిఫరీ ఈల వేస్తున్నా వినిపించుకోకుండా జట్టంతా గీత దాటింది. కెప్టెన్ వచ్చి అన్నయ్య ముందు మోకాళ్ల మీద కూర్చుని, నా చేతిలోని గ్లాసు తీసుకున్నాడు.

"జట్టు బయటికొచ్చింది బావా. ఇక తాగు."

అన్నయ్య ఖాళీ బరి వైపు చూసి, నోరు తెరిచాడు.

కప్పు అవతలి ఊరికి పోయింది. అన్నయ్య బతికాడు. కానీ బతికించినవాణ్ణి క్షమించలేదు. నా జట్టును నా మాట లేకుండా ఎట్లా బయటికి తెస్తావని అడిగాడు. మూడు తరాలు మీరు పస్తులున్నారు, మూడు తరాలు మా మోకాళ్లూ పగిలాయి, అది నీ ఒక్కడి జట్టు ఎట్లా అయిందని అతను మెల్లగా అన్నాడు. దానికి జవాబు నాకు తెలిసి మన ఆస్తిపరులెవరి దగ్గరా లేదు. ఆ ఏడాదే జట్టు చెదిరిపోయింది, కొంతకాలానికి మిల్లూ మూతపడింది. వాళ్లిద్దరూ మళ్లీ మాట్లాడుకోలేదు.

ఇప్పుడు జట్లను కంపెనీలు కొంటున్నాయి, ఆటగాళ్లను వేలంలో పాడుకుంటున్నాయి. యజమానులు వేళకు తింటున్నారు, తాగుతున్నారు. అలాగే ఉండాలి. ఆటకోసం ఎవరూ కడుపు మాడ్చుకోకూడదని నేనీనాటికీ వాదిస్తాను. అయినా, గెలిచే ఆటను ఒక మనిషి గుక్కెడు రసం తాగడం కోసం వదిలేసి వచ్చేంత దగ్గరితనం ఆ కొత్త లెక్కల్లో ఎక్కడ ఇముడుతుందో నాకు తెలియదు. గుంటూరు శివార్లలో నల్లపాడు వైపు వెళ్లేటప్పుడు ఏ ఖాళీ స్థలంలోనైనా పిల్లల కబడ్డీ కూత వినిపిస్తే ఆగుతాను. నా చూపు మాత్రం ఆట మీదికి పోదు. గీత అవతల కూర్చున్నవాళ్లలో ఎవరి ముఖమైనా పాలిపోయిందేమోనని, ఒక్కొక్కరినే వెతుక్కుంటూ ఉండిపోతాను.