మాదాపూర్‌లో ఐదో విస్తరి

గురువారం నాన్నకు గుండె ఆపరేషన్. ఈలోపే పెద్దలకు బువ్వ పెట్టే పెత్రమాస వచ్చింది. "ఒక్కసారన్న మా నాయినకు పెట్టాలె బిడ్డా, నువ్వు పోయి రా" అని నాన్న ఒకటే పోరు. మా తాత నిజాం ఫౌజులో సిపాయి. నలభై ఎనిమిదిలో భారత సైన్యం వచ్చినప్పుడు కాపలా వదిలి అటువైపు చేరిపోయాడు. తోటి కాపలావాళ్లు ఖాసిం, నర్సయ్య, ఇస్మాయిల్, బాలయ్య ఆ పోరులోనే పోయారు. తాత తిరిగొచ్చి మాదాపూర్‌లో తన చేను గట్టున నలుగురికీ నాలుగు రాళ్లు పాతాడు. యేటా వాళ్లకే పెట్టాలి, తను పోయాక తన పేరెత్తొద్దు అని నాన్నతో ఒట్టేయించుకున్నాడు. ఊళ్లో కొందరికి దేశభక్తుడు, కొందరికి నమక్‌హరామ్. మా ఇంట్లో మాత్రం పేరే లేని మనిషి.

పదిన్నరకు మూసాపేటలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీలో దిగేసరికి ముప్పావు గంట పట్టింది. అక్కడినుంచి ఆటోకు ఎనభై. "పెత్రమాస నాడు గీడికేందక్కా? గీడ అద్దాల బిల్డింగులు తప్ప ఏమున్నయి?" అన్నాడు డ్రైవర్. "మా ముసలోళ్లున్నరు" అన్నాను.

చేను ఎప్పుడో అమ్మేశారు. రెండు ఆఫీసుల గోడల మధ్య ఒక బండ, దాని కింద ఆ రాళ్లు మిగిలాయి. "జర జల్ది కానియ్యి బిడ్డా" అంటూ సెక్యూరిటీ పెద్దాయన గేటు తీశాడు. మిట్టమధ్యాహ్నం, మనిషి అలికిడి లేదు. ఐదు విస్తర్లలో వడ్డించి నలుగురి పేర్లూ పిలిచాను. నాలుగు కాకులు దిగి తిన్నాయి. తర్వాత తాత పేరు పిలిచాను. నాలుగూ తినడం ఆపేసి, ఐదో విస్తరి చుట్టూ చేరి నన్నే చూశాయి. అరవవు, కదలవు. బండ మీద ఇంకో కాకి ఉంది, అది దిగదు.

కాకి ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కొరత ఉన్నట్టు. మాటివ్వాలి. "నాన్నను మంచిగ చూసుకుంట తాతా" అన్నాను. ఊహూఁ. "యేటేటా నీ పేరు పిలుస్తం" అన్నాను. బండ మీది కాకి ఇంకాస్త వెనక్కి జరిగింది. ఇలాంటివి నమ్మనని కోతలు కోసేదాన్ని, ఏడుపొచ్చేసింది. "సరే, ఇగ నిన్ను ఎన్నడూ పిలువం" అన్నాను. నాలుగూ పక్కకు తప్పుకున్నాయి. అది దిగి, ఒక్క ముద్ద తిని ఎగిరిపోయింది. "పో బిడ్డా, ఎనక్కి సూడకు" అన్నాడు పెద్దాయన.

రోడ్డు మీదికి రాగానే నాన్న ఫోన్. "ముట్టిందా?"

"ముట్టింది నాన్నా."

అటువైపు వెక్కి వెక్కి ఏడ్చాడు. "అంటే ఆ నలుగురు మాఫ్ చేసిన్రు బిడ్డా! వచ్చే ఏడు నేనే వచ్చి గట్టిగ పిలుస్త."

ఆపరేషన్ బాగానే అయింది. నాన్న ఇప్పుడు రోజూ గోడ పట్టుకుని మెట్లెక్కుతున్నాడు, వచ్చే పెత్రమాసకు మాదాపూర్ పోవాలని. అక్కడ నేనిచ్చిన మాట ఇంకా చెప్పలేదు. తాతను క్షమించనిది ఆ నలుగురో, తనను తానే క్షమించుకోనిది తాతో నాకు తెలియదు. ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకు ఒక్క మాట: విస్తర్లు ఇంటినుంచే తీసుకెళ్లండి, అక్కడ దొరకవు. కాకి ముట్టకపోతే మాత్రం భయపడి మాటివ్వకండి. ఇవ్వక తప్పకపోతే, ఆ మాట ఇంటికొచ్చి ఎవరికి చెప్పాలో ముందే ఆలోచించుకోండి.