మూడిళ్ళలో ఉన్న కారు

“...అది కాదు, బ్యాటరీ పహిల్వాన్ ఇంట్ల ఉంటే, ఆ నల్ల ముక్క ఎవరింట్ల ఉన్నట్టు?” అని గిరిజమ్మ కారు వెనక సీట్లోంచి అరిచింది. పట్టుచీర కట్టుకుని, ఒళ్ళో పండ్ల బుట్ట పెట్టుకుని ఆమె ఆ సీట్లో కూర్చుని అప్పటికి అరగంటయింది.

“దేవమ్మ తాన,” అన్నాడు రేవణసిద్ధప్ప. తల బానెట్ కింద ఉంది.

“వైర్లు?”

“సావిత్రమ్మ తాన. ఇగ పోయి అన్నీ గంటల తెస్త.”

“గంటనా? బీదర్‌ల మా చెల్లె మనుమరాలికి పేరు పెట్టుడు పదకొండుకు. ఇప్పుడు పదిన్నర!”

“పేరు పెట్టినంక పిల్ల యాడికి పోదు గిరిజా. కారు పోతే మల్ల రాదు.”

ఇది 1979 నాటి మాట. జహీరాబాద్‌లో అప్పుడు కార్లున్నవాళ్ళు పదిమందికి మించరు. కారు దిగగానే దాన్ని విప్పి, మూడు సామాన్లు మూడిళ్ళలో దాచేవాడు మాత్రం పప్పుల మిల్లు రేవణసిద్ధప్ప ఒక్కడే. అందుకని ఆయన చొక్కా జేబులో కలం ఉండాల్సిన చోట పానా ఉండేది.

ఐదేళ్ళ కింద బొంబాయి రోడ్డు మీద ఒక కాంట్రాక్టరు ఇంజను ఆపకుండానే జీపు దిగి, చాయ్ తాగడానికి హోటల్లోకి పోయాడు. చాయ్ చల్లారేలోపు జీపు కర్ణాటకలో ఉంది. ఆ మరునాటి నుంచే రేవణసిద్ధప్పకు ఈ అలవాటు పట్టుకుంది. కారు ముక్కును మిల్లు గోడకు ఆనించి ఆపుతాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకుంటాడు. బ్యాటరీ విప్పుతాడు. ప్లగ్గుల వైర్లు పీకుతాడు. రోటర్ అని బొటనవేలంత నల్ల ముక్క ఒకటుంటుంది. అది లేకపోతే ఎంత మొనగాడికైనా ఇంజను పలకదు. దాన్నీ తీస్తాడు.

“మన బీరువాల పెట్టరాదా?” అని గిరిజమ్మ అడగని వారం లేదు.

“దొంగ మొదలు వచ్చేది మనింటికే.”

“ఎవరింట్ల ఏముందో చాయ్ బండోడు సుత చెప్తడు. ఊరందరికీ తెలిసినంక ఇగ దాచుడేంది?”

“తెలిస్తే తెలవనీ. మూడిండ్లు తిరగాలె గద. దొంగకు అన్నీ ఉంటయ్ గిరిజా, పుర్సత్ ఒక్కటే ఉండది.”

ఆ తీరిక ఆయనకు మాత్రం బోలెడంత ఉండేది. ముక్కలు తేవడానికి పోయాడంటే గంటన్నరకు తక్కువ తిరిగి వచ్చేవాడు కాదు. మూడిళ్ళూ కలిపి నడిస్తే పది నిమిషాల దూరం. మిగతా సమయం ఏమవుతున్నదో గిరిజమ్మకు అంతుపట్టేది కాదు. అడిగితే “ముక్క జల్ది దొరకలే” అనేవాడు. నిజంగా తొందర పనుంటే ఆయనే బస్సెక్కేవాడు.

పరాయి ఊళ్ళోనూ ఈ పద్ధతి మానేవాడు కాదు. ఝరాసంగంలో ఒక పెండ్లికి పోయి, రోటర్‌ను పెండ్లికొడుకు మేనత్త చేతిలో పెట్టి భద్రం అన్నాడు. ఆమె దాన్ని కొంగున కట్టుకుని, మరిచిపోయి, న్యాల్‌కల్ వెళ్ళిపోయింది. మొగుడూ పెండ్లాలు పెండ్లివారింట్లో రెండు రోజులున్నారు. మూడోనాడు ఆ ఇంటివాళ్ళు ఇంక వడ్డించే ఓపిక లేక రెండు జతల ఎడ్లు కట్టి కారును జహీరాబాద్ దాకా లాగించారు. దారి పొడుగునా పత్తి చేన్లలో ఆడవాళ్ళు పని ఆపి చూస్తుంటే గిరిజమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని, ఊరొచ్చేదాకా తీయలేదు.

“చూసినవా,” అన్నాడు రేవణసిద్ధప్ప. “కారు పోయిందా? పోలే!”

ఆ బీదర్ ప్రయాణం నాడు వాళ్ళు చేరేసరికి రెండున్నర. పిల్ల పేరు పెట్టించుకుని నిద్రపోయింది. పెద్దలు భోంచేసి నిద్రపోయారు. తిరుగు ప్రయాణంలో సరిహద్దు దాటాక గిరిజమ్మ ఒకటే మాట అంది.

“వచ్చే సోమారం నుంచి సామాన్లన్నీ మనింట్లనే ఉండాలె. లేకుంటే కారు అమ్ముండ్రి. రెండిట్ల ఏదో ఒకటి.”

“సరే, మనింట్లనే పెడదాం,” అన్నాడు రేవణసిద్ధప్ప. ఆ రాత్రి రొట్టె సగమే తిన్నాడు. బ్యాటరీ ఇంటికొస్తుందంటే మనిషి ఇంత దిగులు పడడమేమిటో గిరిజమ్మకు అర్థం కాలేదు. అయినా మెత్తబడలేదు. గెలవక గెలవక గెలిచింది.

శనివారం ఆయన కందులు కొనడానికి రాయికోడ్ పోయాడు, బస్సులోనే. పదకొండు గంటలకు వీధిలో గోల వినిపించి గిరిజమ్మ బయటికి వచ్చింది.

ముందు సావిత్రమ్మ. ఆమె గుప్పిట్లో ఒక యువకుడి కాలరు; ఇస్త్రీ చొక్కా, టక్కు, మెరిసే బూట్లు. వెనక డెబ్బై ఏళ్ళ మహాదేవప్ప పహిల్వాన్, భుజాన బ్యాటరీతో. ఆయన వెనక కుంటుకుంటూ దేవమ్మ. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో రోటర్. ఆ వెనక చాయ్ బండివాడు, మిల్లు హమాలీలు, సగం బజారు. పెండ్లి ఊరేగింపుకు తక్కువ కాకుండా అందరూ పోలీస్ స్టేషన్ వైపు పోతున్నారు. గిరిజమ్మ చెప్పులేసుకుని వాళ్ళతో కలిసింది.

“నేను మెకానిక్‌ను సార్!” అన్నాడు యువకుడు ఎస్సైతో. “సావుకారే పంపిండు, కారు తెమ్మని. వీళ్ళకు దిమాక్ లేదు.”

“ఈయన దొంగ అని మీకెట్ల తెలిసింది?” అని ఎస్సై ముసలివాళ్ళను అడిగాడు.

దేవమ్మ బెంచీ మీద కూర్చుని కాలు చాపుకుంది. ఊళ్ళో సగంమందికి పురుడు పోసిన మంత్రసాని ఆమె. “సిద్ధప్ప పంపినోడు కూసోకుండ ముక్క అడుగుతడా సార్? సిద్ధప్ప వస్తె మొదలు నా మోకాలు అడుగుతడు. నూనె రాసినవా, మాత్ర ఏసుకున్నవా అంటడు. బావికాడికి పోయి బిందె నింపుకొస్తడు. గప్పుడు అడుగుతడు ముక్క. ఈడు గడప తొక్కుతనే చెయ్యి చాపిండు. నాకు అనుమానమొచ్చింది. బ్యాటరీ తెచ్చినంకనే ముక్క ఇచ్చుడు, గది కాయిదా అని పహిల్వాన్ కాడికి తోలిన.”

“ఆ రూలు నిజమేనా?”

“నిజమెక్కడిది? అప్పుడే పుట్టింది.”

మహాదేవప్ప బ్యాటరీని ఎస్సై బల్ల మీద దించాడు. “దీన్ని నేను రోజు పదిసార్లు ఎత్తుత సార్. సావుకారు ముంగట కూసోని లెక్కవెడ్తడు. పదోసారికి శభాష్ పహిల్వాన్ అంటడు. కుస్తీలు బందైనంక నన్ను చూసేటోడు ఆయనొక్కడే. ఈడు రెండోసారికే గడియారం చూసిండు! వైర్లు తేపో అని సావిత్రమ్మ మీదికి తోలి, నేను వెనకనే వచ్చిన.”

అందరూ సావిత్రమ్మ వైపు చూశారు. ఆమె ఇంకా కాలరు వదల్లేదు.

“నాతోని వాడల ఎవ్వరు మాట్లాడరు సార్. అందరితోని కొట్లాట అయిపోయింది. సిద్ధప్ప ఒక్కడు వస్తడు. వచ్చినోణ్ణి పావుగంట తిడత. నిలవడి వింటడు. ఇంకేమన్న ఉన్నదా సావిత్రత్తా అంటడు. ఉంటే అవి సుత వింటడు. ఈణ్ణి తిట్టవడితిని, నోర్ముయ్ ముసల్దానా అన్నడు!” ఆమె కళ్ళు మెరిశాయి. “ఐదేండ్లకు ఒక్కడు దొరికిండు సార్, మల్ల జవాబు చెప్పేటోడు. ఎట్ల ఇడిచిపెడత?”

యువకుడి సంచీలో రెండు కర్ణాటక నంబరు ప్లేట్లూ, ఒక రంగు డబ్బా, ఒక కుంచె దొరికాయి. హమాలీలు ఈలలు వేశారు. చాయ్ బండివాడు అందరికీ చాయ్ తెచ్చాడు, పహిల్వాన్‌కు రెండు.

గిరిజమ్మ గోడవారన నిలబడి ఉంది. బిందె ఒకటి, ఎత్తులు పది, తిట్లు పావుగంట. ఐదేళ్ళుగా ఎటు పోతున్నదో తెలియని గంటన్నర ఇవాళ ముగ్గురి నోట దొరికింది.

సాయంత్రం బస్సు దిగిన రేవణసిద్ధప్పను జనం ఎత్తుకున్నంత పని చేసి ఇంటికి తెచ్చారు. ఎస్సై వచ్చి చెయ్యి కలిపాడు. “మీ పద్ధతి బాగుందండీ. ముసలివాళ్ళకు ఇంత చేస్తున్నారని...”

“గవన్నీ ఏం లేవు సార్,” అన్నాడు ఆయన గాబరాగా. “మోకాలు మంచిగ లేనామె సామాను పట్టుకొని యాడికి పోదని ఇచ్చిన. సావిత్రత్త నోటికి భయపడి దొంగ రాడని ఇచ్చిన. అంత బందోబస్తు కోసమే.” చెవులు ఎర్రబడ్డాయి. గిరిజమ్మ ఆ చెవులనే చూసింది.

జనం వెళ్ళాక కూడా అరుగు దగ్గర ఒక మనిషి మిగిలింది. ఎదురు సందు చెన్నమ్మ. ఒకప్పుడు ఇల్లిల్లూ తిరిగి గాజులు తొడిగేది. చేతులు వణకడం మొదలయ్యాక ఆమెను ఎవరూ పిలవడం లేదు.

“నేనేం పాపం జేసిన సిద్ధప్పా?” అంది కోపంగా. “అందరికి ఒక్కొక్కటి ఇచ్చినవ్. దేవమ్మ చూడు, ఊరంత చెప్పుకుంట తిరుగుతున్నది. నేనేమన్న దొంగనా? నాకు ఒక బోల్టన్న ఇయ్యరాదా? మూడేండ్ల సంది నా గడప ఎవ్వరు తొక్కలే.”

రేవణసిద్ధప్ప భార్య వైపు చూడకుండా నేల చూశాడు. మాటంటే మాటే ఆయనకు. “అది కాదమ్మా, సోమారం నుంచి ఎవ్వరికీ ఇయ్యం. అన్నీ మా ఇంట్లనే...”

“స్టీరింగ్ విప్పుండ్రి,” అంది గిరిజమ్మ. “చెన్నమ్మకియ్యాలె. రేపట్నుంచి ఆమింటికి నేను పోత.”