మూడుసార్లు కడిగిన సీసా

2015 జూన్ నెలాఖరున మత్స్యశాఖలో డిప్యూటీ డైరెక్టరుగా పదవీ విరమణ చేశాను. ఆ తర్వాత నాకు వచ్చిన ఏకైక పోస్టింగు 2016 ఫిబ్రవరిలోది. దాన్ని జారీ చేసింది మా అమ్మాయి సునీత. తను విదేశంలో, డునెడిన్ అనే ఊళ్లో ఆస్పత్రి నర్సు. నేనూ మా ఆవిడా మూడు నెలలు ఉందామని వాళ్లింటికి వెళ్లాం. పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వెళ్లడానికి ఆఫీసు లేక నేను హాల్లో పచార్లు చేస్తుంటే చూడలేకపోయిందేమో, ఒకరోజు డ్యూటీ నుంచి వస్తూనే చెప్పేసింది.

"డాడీ, గ్రేమ్ అంకుల్ ఫిషింగ్‌కి వెళ్తున్నారంట, ఫోర్ డేస్. మిమ్మల్ని కూడా తీసుకెళ్తారా అని నేనే అడిగేశాను. మీరు ఫిషరీస్ కదా, ఎంజాయ్ చేస్తారు."

గ్రేమ్ ఆమెతో పాటు ఆపరేషన్ థియేటర్లో టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైనవాడు. నాకంటే ఆరేళ్లు పెద్ద. మనిషి మంచివాడే, మాటలే బహు పొదుపు. నాకు చేపలు పట్టడం రాదని ఆయనకు చెప్పడానికి మొహమాటపడ్డాను. చేపల శాఖలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేశానంటే గాలం వేయడం వచ్చు అనుకుంటారు జనం. రెవెన్యూలో పనిచేసినవాళ్లందరికీ నాగలి పట్టడం వచ్చా? నా పని చెరువులు, పిల్ల చేపలు, మేత, రోగాలు, ఫైళ్లు. గాలం ముట్టిన పాపాన పోలేదు.

మేం పట్టబోయే ట్రౌట్ అనే చేప రుచి ముందే తెలుసుకుందామని సూపర్‌మార్కెట్‌కు వెళ్లి అడిగాను. లేదన్నారు. స్టాకు అయిపోయిందేమోనని మూడు రోజులు వరసగా వెళ్లాను. నాలుగో రోజు మా అమ్మాయి తల పట్టుకుని, ఈ దేశంలో ట్రౌట్ అమ్మడం చట్టరీత్యా నేరమనీ, లైసెన్సు తీసుకుని పట్టుకుంటేనే తినొచ్చనీ చెప్పింది. చేపను ప్రజలకు అందుబాటులోకి తేవడమే నా ఉద్యోగం. అమ్మకూడని చేపను ప్రభుత్వం ఎందుకు కాపాడుతుందో ఎంత ఆలోచించినా నా బుర్రకు ఎక్కలేదు. మా ఆవిడ మాత్రం ఇవేమీ పట్టించుకోకుండా పులుసు మసాలా నూరి డబ్బాలో పెట్టి ఇచ్చింది.

సౌత్‌ల్యాండ్ వైపు గ్రేమ్‌కు ఒక క్రిబ్ ఉంది. సెలవులకు వాడుకునే రెండు గదుల చిన్న ఇంటిని అక్కడ అలా అంటారు. మొదటి రెండు రోజులు దానికి దగ్గర్లోని ఒక ఏటికి వెళ్లాం. పేరు చెప్పను. ట్రౌట్ పట్టేవాళ్లు చిన్న ఏళ్ల పేర్లు బయటికి చెప్పరట, నా చేత కూడా మాట తీసుకున్నాడు. ఏరు అన్నానే గాని మన గోదావరి జిల్లాల్లో దాన్ని పొలాలకు నీళ్లు పారే పంటబోదె అంటారు. నడుం లోతు నీళ్లు, గులకరాళ్లు, గట్టు అవతల పొలాల్లో గొర్రెలు.

ఫ్లై ఫిషింగ్ అంటే ఎర లేని గాలం. చిన్న కొక్కేనికి ఈకలూ దారమూ చుట్టి పురుగులా తయారు చేస్తారు. అదే ఫ్లై. బరువు లేని ఆ ఈకను బరువైన దారంతో గాలిలో ముందుకూ వెనక్కూ ఆడించి, చేప ముక్కు ముందు మెత్తగా దించాలి. ట్రౌట్ ప్రవాహానికి ఎదురు తిరిగి నిలబడుతుంది కాబట్టి మనం దిగువ నుంచి, దాని వెనక నుంచి, వంగి నడుచుకుంటూ వెళ్లాలి. నీడ పడితే పారిపోతుంది. ఒక మడుగులో ఒకే చేప. దాని కోసం ఇద్దరు రిటైరైన మనుషులు అరగంట సేపు గడ్డిలో పాకడం. నా ఫ్లై మొదటి రోజంతా వెనక ఉన్న చెట్లనే పట్టింది.

గ్రేమ్ రెండు చేపలు పట్టాడు. రెండింటినీ కాసేపు నీళ్లలో రెండు చేతులతో పట్టుకుని, ఊపిరి తీసుకోనిచ్చి, వదిలేశాడు. మొదటిది జారిపోయిందనుకుని పాపం అన్నాను. రెండోది కూడా వదిలేసరికి, కనీసం బరువు తూచి రిజిస్టర్లో రాయవా అని అడిగాను. ఎందుకు అన్నాడు. డబ్బాలో మసాలా ఉంది.

ఈ అయోమయంలో నాకు చక్కగా అర్థమైన విషయం ఒకే ఒక్కటి. ఏటి దగ్గర బోర్డు ఉంది. కంటికి కనిపించని ఒక నాచు మేమున్న దీవిలో కొన్ని నదులకు పట్టిందనీ, రాళ్లన్నిటినీ తడి ఉన్నిలా కప్పేసి పురుగులకూ చేపలకూ చోటు లేకుండా చేస్తుందనీ, ఒక ఏటి నుంచి మరో ఏటికి వెళ్లేముందు బూట్లూ సామానూ కడిగి ఆరబెట్టాలనీ, అంటుకోవడానికి ఒక్క చుక్క చాలనీ రాశారు. రెండో రోజు సాయంత్రం గ్రేమ్ ఇద్దరి బూట్లనూ సబ్బునీళ్లతో తడిపి పది నిమిషాలు ఉంచాడు. మన రొయ్యల చెరువుల గేటు దగ్గర కాళ్లు కడిగే మందునీళ్ల తొట్టి గుర్తొచ్చింది. వైట్ స్పాట్ వైరస్ వచ్చిన రోజుల్లో ఆ తొట్టెలు పెట్టించింది నేనే. ఆ సంగతి కొంచెం గొప్పగానే చెప్పాను. గ్రేమ్ శ్రద్ధగా విన్నాడు.

మూడో రోజు కొండల పక్కన ఇంకో ఏటికి వెళ్లాం. ఇది మొదటిదానికంటే చిన్నది. నలభై ఏళ్లుగా ఆయన ఏడాదికి ఒక్కసారే, ఒక్క రోజే వస్తాడట అక్కడికి. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున రాళ్ల మీది మచ్చలు లెక్కపెట్టొచ్చు. ఆయన మొహం వెలిగిపోయింది. నాకు జాలి వేసింది. మా చేపల చెరువుల్లో తేట నీళ్లంటే పస్తు. నలుపు తెలుపు రంగులు వేసిన పళ్లేన్ని దారం కట్టి దించితే జానెడున్నర లోతులో కనిపించకుండా పోవాలి. అప్పుడు నీళ్లలో మేత ఉన్నట్టు లెక్క. ఇక్కడ అంత తేట నీళ్లలో, మూరెడు పొడవు చేప కొవ్వెక్కి తిరుగుతోంది. ఏం తింటోంది?

చూద్దామనిపించింది. పావు లీటరు శాంపిల్ సీసా, భూతద్దం నా సంచిలో ఎప్పుడూ ఉంటాయి. మొదటి ఏట్లో రాయి మీది జిగురును గీకి, నీళ్లతో సహా ఆ సీసాలో పట్టి రెండు రోజులుగా చూస్తున్నాను. ఇప్పుడు ఈ నీళ్లూ పట్టి పోల్చాలి. శాంపిల్ తీసే పద్ధతి ఒకటుంది. శాఖలో చేరిన మొదటి వారంలోనే నేర్పిస్తారు, తర్వాత వచ్చిన ప్రతి కుర్రవాడికీ నేనూ నేర్పాను. ఏ నీళ్లు పడుతున్నామో ఆ నీళ్లతోనే సీసాను మూడుసార్లు తొలిచి పారబోసి, నాలుగోసారి నింపాలి. లేకపోతే పాత నీళ్లు కలిసి లెక్క తప్పుతుంది. నేను ఒడ్డున కూర్చుని పాత నీళ్లు ఏట్లో ఒంపేశాను. మూడుసార్లు తొలిచి ఏట్లోనే పారబోశాను. నాలుగోసారి నింపి, మూత బిగించి, జేబులో పెట్టుకున్నాను. పద్ధతి ప్రకారం ఎక్కడా లోపం లేదు.

పావుగంట తర్వాత, మూడు రోజుల్లో మొదటిసారి, నా ఫ్లైని ఒక చేప అందుకుంది. రాడ్ వంగింది, నేను అరిచాను, గ్రేమ్ వల పట్టుకుని నీళ్లలోకి పరిగెత్తుకొచ్చాడు. అంత ఆనందం ఆయన తన చేపలకు కూడా పడలేదు. చేపను వదిలాక ఆ వల కొత్తగా ఉందేమిటని అడిగాను. ఇది ఈ ఏటికి మాత్రమే వాడతాననీ, నిన్నటిది కార్లోంచి దించలేదనీ, సబ్బునీళ్ల మీద తనకు పూర్తి నమ్మకం లేదనీ అన్నాడు.

నా చెయ్యి జేబు మీదికి పోయింది. అందులోని సీసాను పట్టుకుని ఒడ్డున కూర్చున్నాను. చేప దొరికిన సంబరం అనుకున్నాడేమో, ఆయన భుజం తట్టి వెళ్లాడు.

ఎవరూ చూడలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. మొదటి ఏట్లో ఆ నాచు ఉందో లేదో కూడా తెలియదు. చెబితే ఏమవుతుందో బోర్డు మీదే ఉంది, శిక్ష జైలు దాకా. పైగా ఇది అమ్మాయి ఉద్యోగం చేసుకుంటున్న దేశం. తండ్రి మీద కేసు అంటే దాని పరువేం కావాలి? ఇవన్నీ నిజమే. కాని నలభై ఏళ్లుగా ఒక మనిషి ఏడాదికొక్క రోజు చొప్పున దాచుకుంటూ వస్తున్న ఏటిని నేను పాడు చేసి ఉండొచ్చు, అదీ నిజమే. రోగం పాకకుండా ఆపాలంటే మొదటి గంటలే ముఖ్యమని ఊరూరా చెప్పినవాణ్ణి. శాండ్‌విచ్ విప్పుతున్నప్పుడు ఆయనకు చెప్పేశాను.

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని నీళ్లు అని మూడు ప్రశ్నలు అడిగాడు. సీసా ఉందా అన్నాడు. చూపించాను. తినకుండానే సామాను సర్దాడు. కార్లో గంటసేపు మాట లేదు. కోపమో, బాధో, ఆ జనానికి మామూలుగా ఉండే మౌనమో నాకు తెలియలేదు.

నదులకు నాచు అంటకుండా చూసే ప్రభుత్వ ఆఫీసుకు తీసుకెళ్లాడు. అక్కడ ముప్ఫై ఏళ్లు దాటని అమ్మాయి కూర్చుని ఉంది. పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టాను. స్థలం, సమయం, పరిమాణం, కారణం అన్నీ వరసగా కాగితం మీద రాసి సంతకం చేసి ఇచ్చాను. ఆమె చదివి, సీసా తీసుకుని, మూతలో ఇరుక్కున్న జిగురు కూడా పనికొస్తుందని సంతోషించింది. రెండు ఏరులనూ పరీక్షిస్తామంది. పాస్‌పోర్టు నావైపు జరిపి, థాంక్యూ అంది.

నా మీద చర్య ఏమిటని అడిగాను. తెలియక చేశారు, తెలిసిన పూటే వచ్చి చెప్పారు, చాలామంది రారు అంది. అయినా నమోదు చేయాలి కదా అని నేనే పట్టుబట్టాను. ఆమె గ్రేమ్ వైపు చూసింది. గ్రేమ్ కిటికీ వైపు చూశాడు. చివరికి ఆమె, మీరు ఈసారి సీసాను ఒడ్డు మీద, నీళ్లకు దూరంగా తొలవండి, మీ వాళ్లకు కూడా చెప్పండి అంది. అంతే. తప్పు ఒప్పుకున్న మనిషిని థాంక్యూ చెప్పి పంపించే ఆఫీసు నేను ఎరగను. నేనే అయితే ఏం చేసి ఉండేవాణ్ణో ఆలోచించాను. ఆలోచించాల్సిన పని లేదు, చేసే ఉన్నాను.

నేను ఆకివీడు దగ్గర అసిస్టెంట్ డైరెక్టరుగా ఉన్న రోజుల్లో సుబ్బరాజు అనే రొయ్యల రైతు తనంతట తానే ఆఫీసుకు వచ్చాడు. తన చెరువుకు వైరస్ తగిలిందని తేలక ముందు, కూలీ మనిషి అక్కడి విసురు వలను బురద పోవడానికి పక్కవాళ్ల చెరువులో జాడించాడట. "ఒక్కసారేనండీ, ముంచి తీశాడంతే. తమరికి చెబితే మందేదైనా చెబుతారని వచ్చానండీ," అన్నాడు. ఒక్కసారి చాలు అన్నాను. ఆ సాయంత్రమే నోటీసు ఇచ్చాను. రిజిస్ట్రేషన్ సస్పెన్షన్‌కు సిఫారసు చేశాను. పేరు నోటీసు బోర్డులో పెట్టించాను. రూలు అదే. పక్క చెరువుకు చివరికి ఏమీ కాలేదు.

రెండు వారాలకు, సీసా తీసుకున్న ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. సీసాలో ఆ నాచు లేదు, చిన్న ఏట్లో ఇప్పటికి కనిపించలేదు, మళ్లీ చూస్తాం అని. గ్రేమ్‌కు ఫోన్ చేసి చదివి వినిపించాను. అయితే వచ్చే సీజన్‌కు వస్తావా అన్నాడు. అంటే క్షమించాడనా, అసలు కోపమే లేదనా? ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ రోజే పాత సహోద్యోగి ఒకాయన దగ్గర నంబరు తీసుకుని సుబ్బరాజుకు ఫోన్ చేశాను. నా పేరు చెబితే గుర్తుపట్టాడు. ఆ రోజు నోటీసు ఇచ్చి ఉండకూడదు, తప్పు నాదే అన్నాను.

"అయ్యో, అదెప్పటి మాటండీ," అన్నాడు. "మీరు రూలు ప్రకారం చేశారు, మీ తప్పేముందండీ." మామూలుగానే ఇంకో మాట అన్నాడు. "ఆ తరవాత మా ఏరియాలో అలాంటివి ఇంకో నాలుగైదు అయ్యాయండీ. రెండు చెరువులు పోయాయి కూడా. మీదాకా ఎవరం రాలేదంతే."

నేను ఆ డివిజన్‌లో ఉన్న మిగతా మూడేళ్లలో అలాంటి రిపోర్టు మళ్లీ ఒక్కటీ రాలేదు. కఠిన చర్యల వల్ల రోగవ్యాప్తి పూర్తిగా అదుపులోకి వచ్చిందని మూడు వార్షిక నివేదికల్లోనూ రాశాను. మా పైవాళ్లు మెచ్చుకున్నారు, ప్రమోషన్ ఫైల్లో కూడా ఆ మాట ఎక్కింది. అదుపులోకి వచ్చింది రోగం కాదు, నాకు వచ్చే సమాచారం. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదే: తనంతట తాను వచ్చి చెప్పినవాడికి ముందు కుర్చీ వేయండి, నోటీసు సంగతి తర్వాత. నా మూడు నివేదికలూ తప్పు.