ఆ తకిట తకధిమి చెరపడానికి వీల్లేదు

మా బ్యాండు గిటారిస్టు, నా చైనీస్ మిత్రుడు, మొన్నీమధ్య పోయాడు. అతని గుర్తుగా మా పాత పాటలు నెట్‌లో పెడదామని, పోయిన ఆదివారం సింగపూర్ పుంగ్గోల్‌లోని ఇంట్లో మా అల్లుడు మూడో క్యాసెట్టును కంప్యూటర్‌లోకి ఎక్కిస్తూ, "మామయ్యగారూ, ఇది ట్రాన్సిషనల్ ఆల్బమండీ. పాత దారి వదల్లేదు, కొత్తది దొరకలేదు. పైగా చివరి పాటలో మీ గొణుగుడొకటి, తీసేస్తా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. దానిమీద చెయ్యి వేశావంటే ఊరుకోనన్నాను.

మన కాలంవాళ్ళకు తెలుసు, ప్రోగ్రెసివ్ రాక్ అంటే లయ మీద లయ మారి పాట ముగిసేసరికి పక్కనున్న టీ చల్లారిపోయేది. ఆఫీసుల నుంచి వచ్చి క్లెమెంటి అద్దెగదిలో చప్పుడు బయటికి పోకుండా తువ్వాళ్ళు కప్పిన డ్రమ్ముల మీద నేనూ, గిటారు, కీబోర్డు, గొంతులతో తక్కిన ముగ్గురూ అవే సాధన చేసేవాళ్ళం. తీరా స్టూడియో ఖాయమయ్యాక, ఈ సంగీతం ఇక ఎవడు వింటాడంటూ మా గాయకుడు చక్కా పోయాడు.

ఎక్కడ అందుకోవాలో చెయ్యెత్తి చూపేది అతనే కాబట్టి, అతను లేకపోయేసరికి ఆ చివరి పాట, ఏడేసి దెబ్బల లయది, మళ్ళీ మళ్ళీ కూలబడింది. వన్ టూ త్రీ ఫోర్‌లో ఏడు ఎక్కడ ఇముడుతుంది, నా మొహం! చిన్నప్పుడు కాకినాడలో మా మేనత్త తొడమీద తాళం వేయించి నేర్పిన ఏడక్షరాల మిశ్రచాపు అప్పుడు నోటికొచ్చింది. తకిట తకధిమి అని పైకే అంటూ వాయించాను, పాట నిలబడింది, నా గొంతు మైకులో పడింది. స్టూడియో ఆయన మళ్ళీ తీద్దామంటే గిటారిస్టు అడ్డం తిరిగి, తన సింగపూర్ ఇంగ్లీషులో, "డోంట్ టచ్ లా, దిస్ వన్ అవర్ సింగర్" అన్నాడు.

క్యాసెట్టు మొదటి వైపు సాగదీశాం, కీబోర్డు మోత ఎక్కువైంది, కాదనను. కానీ ముందు రెండు ఆల్బమ్‌లలో ఎవరిలాగో వాయించాం, ఇందులో మాలాగా వాయించాం. అటూ ఇటూ కానిదట! అటువైపు వాడు వదిలేసిపోయాడు, ఇటువైపు రమ్మన్నవాడు లేడు, అయినా ఆపకుండా వాయించాం, ఏం తక్కువ?

ఇప్పటి పిల్లలు చెవిలో తాళం కొట్టే క్లిక్కు పెట్టుకుని ఎవరి గదిలో వాళ్ళు వాయిస్తారు, లయ తప్పదు, ఒకరి మొహం ఒకరు చూసుకునే పనీ లేదు. మేం అలా కాదు. ఆ పాటలో నా మిత్రుడి గిటారు నా నోటిని పట్టుకునే నడుస్తుంది. నా గొంతు చెరిపేస్తే, పాపం, వాడు దేన్ని వింటూ వాయించినట్టు?