జాతర దాకా ఉండమన్న తాతయ్య

నా చిన్నప్పుడు మా ఇంటికి ఒక విదేశీయురాలు వచ్చి, వేసవి సెలవుల్లో కొన్నాళ్లు ఉండి వెళ్లింది. ఇలా అంటే మీరు ఏ దొరసానినో ఊహించుకుంటారు. వచ్చింది మా అవ్వ సొంత చెల్లెలు. ఇద్దరూ వడమాలపేటలో పుట్టారు. అవ్వను తిరుపతిలో బెల్లం వ్యాపారం చేసే మా తాతయ్యకిచ్చారు. చెల్లెలిని మాత్రం మలేషియాలో కొట్టు పెట్టుకున్న దూరపు బంధువుల అబ్బాయికిచ్చి, మద్రాసు రేవులో ఓడెక్కించారు. ఆ తర్వాత ఆమె అక్కడి మనిషే అయిపోయింది. పిల్లలు, కొట్టు, భర్త అనారోగ్యం, ఒకదాని వెనక ఒకటి వస్తూ ఆమెను కదలనివ్వలేదు. భర్త పోయి, కూతురికి పెళ్లయ్యాక, తలలో సగం వెంట్రుకలు తెల్లబడ్డాక, మొట్టమొదటిసారి అక్కను చూడడానికి వచ్చింది. మేము ఆమెను చిన్నవ్వ అని పిలిచేవాళ్లం.

ఆమె మాట్లాడే తెలుగు మా తెలుగుకంటే పాతది. ఓడెక్కిన నాడు ఏ మాటలు పట్టుకుపోయిందో వాటినే అక్కడ వాడుకుంటూ వచ్చింది. మేమంతా మర్చిపోయిన ఏదో ఒక పదం ఆమె నోట వినపడితే, అవ్వ చేస్తున్న పని ఆపి, "మా అమ్మ అట్లే అంటా ఉండె" అని అలాగే నిలబడిపోయేది. ఆ వేసవిలో అవ్వ మా ఎవరికీ దొరకలేదు. పొద్దున లేచింది మొదలు అక్కాచెల్లెళ్లిద్దరూ వసారాలో కాళ్లు చాపుకుని కూర్చుని, మామిడికాయలు తరుగుతూనో, చింతపండు గింజలు తీస్తూనో, ఒకరి మాట ఒకరు అందుకుంటూ ఉండేవాళ్లు. అవ్వ అంత మాటకారి అని నాకు అంతవరకూ తెలియదు.

ఒకనాడు చిన్నవ్వ తన గుడ్డసంచి సర్దుకుంటుంటే నేను పక్కన కూర్చున్నాను. అందులోంచి పాస్‌పోర్టు తీసి, మా దేశం వాళ్లు వేసిన వీసా ముద్రను నాకు చూపించింది.

"ఇందులో రాసిన తేదీ దాకానే మీ గవర్నమెంటు నన్ను ఈడ ఉండనిస్తాది పాపా."

"ఇది నీ ఊరే గదా అవ్వా" అన్నాను.

"ఊరు నాదే. నేను మాత్రం వేరే దేశం మనిషిని" అంది. ఆ మాటను ఆమె బాధగా చెప్పలేదు. రైలు ఎన్ని గంటలకో చెప్పినట్టు చెప్పింది. నాకే వింతగా తోచింది. మా అవ్వ పక్కన పడుకుని నిద్రపోయే మనిషికి, ఆ ఇంట్లో ఎన్నాళ్లుండాలో ఎక్కడో కూర్చున్న ఒక ఆఫీసరు చెప్పడమేమిటని.

ఆ గడువు తిరుపతి గంగమ్మ జాతర వారంలోనే ముగుస్తుంది. చిన్నవ్వ జాతరకు ముందే బయల్దేరేట్టు టికెట్టు తీసుకుని వచ్చింది. ఆ సంగతి బయటపడిన రోజు నుంచి మా తాతయ్యకు మనసు నిలవలేదు. అక్కాచెల్లెళ్లు చిన్నప్పుడు వాళ్ల నాయన భుజాలెక్కి ఆ జాతర చూసినవాళ్లు. వసారాలో కూర్చుని సగం రోజులు ఆ ముచ్చట్లే చెప్పుకునేవాళ్లు. ఇంత దూరం వచ్చి, ఇంకొన్ని దినాల్లో జాతర ఉందనగా ఆమెను పంపించడం తాతయ్యకు చేతకాలేదు. పైగా అవ్వ ముఖంలో ఆ వెలుగు పోతుందేమోనన్న దిగులు. ఆయన అవ్వతో ప్రేమగా నాలుగు మాటలు మాట్లాడగా నేను ఎప్పుడూ చూడలేదు. కానీ ఆమెకు ఏది ఇష్టమో అది తెచ్చి, ఏమీ ఎరగనట్టు గడప దగ్గర పెట్టి పోయే మనిషి.

"జాతర చూసుకోని పోదువులే అమ్మాయ్. టికెట్టు మార్పించే పూచీ నాది" అన్నాడు ఒక మధ్యాహ్నం, అన్నం తింటూ.

"టికెట్టు సరే బావా. వీసా గడువు దాటిపోతాది గదా. చిత్తూరులో పోలీసు ఆఫీసుండాదంట, ఆడ అడిగితే పొడిగిస్తారని మా అల్లుడు చెప్పినాడు. ఒకసారి పోయి అడిగొద్దామా?"

"నువ్వెందుకు ఎండలో పడి రావడం. రేపు నేను చిత్తూరికే పోతుండా. అడిగొస్తాలే."

మరునాడు తాతయ్య చిత్తూరు వెళ్లాడు. సాయంత్రం తిరిగొచ్చి, కాళ్లు కడుక్కుంటూ, "ఏమీ పర్లేదన్నారు. నిమ్మళంగా ఉండు" అన్నాడు. చిన్నవ్వ మారు మాట అడగలేదు. పెద్దవాళ్లు అడిగొచ్చాక ఇంకేముంటుంది అనుకుందేమో. అవ్వ మాత్రం ఆ పూట పాయసం చేసింది.

తిరుపతిలో జాతరకు చాటింపు వేశాక ఊళ్లో ఉన్నవాళ్లు జాతర ముగిసేదాకా పొలిమేర దాటకూడదని కట్టుబాటు. చాటింపు వేసిన మరుసటి పొద్దున తాతయ్య కాఫీ తాగుతూ, "ఇంక నువ్వు పోతానన్నా గంగమ్మ పోనీదు" అని నవ్వాడు. చిన్నవ్వ కూడా నవ్వింది. ఆ వారమంతా మా ఇల్లు ఇల్లుగా లేదు. వీధిలో వేషాలు వస్తుంటే అక్కాచెల్లెళ్లిద్దరూ చిన్నపిల్లల్లా అరుగు మీదికి పరిగెత్తేవాళ్లు. మీసాలున్న మగవాళ్లు చీరలు కట్టి, పూలు పెట్టుకుని వెళ్తుంటే, చిన్నవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. పొంగలి పెట్టుకుని గుడికి పోయినప్పుడు, ఆ తొక్కిడిలో ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు వదలలేదు. వాళ్ల వెనకే నడుస్తున్న తాతయ్యను నేను చూశాను. ఆయన అమ్మవారి వైపు చూడడం లేదు. వాళ్లిద్దరినే చూస్తున్నాడు.

చిన్నవ్వను సాగనంపడానికి కారు మాట్లాడుకుని మద్రాసు వెళ్లాం. అవ్వకు కారు పడదు కనుక పుత్తూరు దాకా వచ్చి, అక్కడ బంధువుల ఇంట్లో దిగిపోయింది. దిగేటప్పుడు ఇద్దరూ ఏడవలేదు. మళ్లీ దసరాకో, ఆ పై వేసవికో వస్తానని చిన్నవ్వ, మామిడి పండ్ల కాలంలోనే రమ్మని అవ్వ. దారి తెలిసిపోయింది, భయం పోయింది, ఇంక రాకపోకలు ఉంటాయన్న ధీమా ఇద్దరిదీ.

విమానాశ్రయంలో అద్దాల ఇవతల మేము నిలబడ్డాం. చిన్నవ్వ గుడ్డసంచి భుజానికి వేసుకుని వరుసలో కదులుతూ, వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. తర్వాత ఆమె వంతు వచ్చింది. బల్ల వెనక కూర్చున్న ఆఫీసరు పాస్‌పోర్టు తిప్పి చూశాడు, మళ్లీ చూశాడు, ఎవరినో పిలిచాడు. ఆమె వెనక ఉన్నవాళ్లు పక్క వరుసకు మారిపోయారు. చిన్నవ్వ ఒక్కతే ఆ బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉంది. మా నాయన, తాతయ్య ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

కాసేపటికి ఆమెను బయటికి తీసుకొచ్చారు. వెంట వచ్చిన ఆఫీసరు తెలుగు తెలిసిన మనిషే. కోప్పడలేదు. గడువు దాటి ఉన్నందువల్ల, ఇక్కడి విదేశీయుల ఆఫీసు నుంచి అనుమతి తెచ్చుకుంటే తప్ప విమానం ఎక్కనివ్వడం కుదరదని చెప్పాడు. తాతయ్య తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"తప్పు నాది సార్. ఆమె పోతాననే అనింది. నేనే ఉండమన్నాను. ఏం రాసుకున్నా నా పేరు మీద రాసుకోండి."

"ఆ వీసా ఆమెది పెద్దాయనా" అన్నాడు ఆఫీసరు. "మీరు ఉండమన్నా, దేవుడు ఉండమన్నా, తప్పు ఆమె పేరు మీదే పడతాది. ముందే వచ్చి అడిగుంటే, ముసలామె, అక్క ఇంట్లో ఉండాది, జాతర ఉండాదని చెప్పుంటే, కొన్ని దినాలకు ఇచ్చేవాళ్లేమో. ఎందుకు అడగలేదు?"

తాతయ్య తల దించుకుని, చేతిలోని తలపాగాను చుట్టసాగాడు. చిన్నవ్వ ఆయన వైపు చూసింది. చిత్తూరులో ఆయన ఏమీ అడగలేదని ఆమెకు అప్పుడే తెలిసింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఉన్నాను కాబట్టి, ఆ వేళ్లు ఒక్కసారి బిగుసుకుని మళ్లీ వదులైనట్టు నాకు తెలిసింది. ఆమె అన్నది ఒక్కటే మాట. "గంగమ్మను చూసినాను గదా బావా. ఊరుకో."

మద్రాసులో తెలిసినవాళ్ల ఇంట్లో ఉండి, ఆఫీసుల చుట్టూ తిరిగి, జరిమానా కట్టి, మరో విమానంలో ఆమె వెళ్లిపోయింది. ఇంటికి వచ్చాక తాతయ్య అవ్వకు జరిగింది చెప్పాడు. ఆమె విని, లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించింది. 

ఆ పై వేసవికి చిన్నవ్వ వీసా అడిగితే ఇవ్వలేదు. ఇదివరకు గడువు దాటి ఉన్నారు కదా అన్నారట. మరుసటి ఏడు కూడా అంతే. అవ్వకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డప్పుడు, మా నాయన డాక్టరు సర్టిఫికెట్టు పంపించాడు. చిన్నవ్వ కూతురు దాన్ని పట్టుకుని వాళ్ల ఊరి నుంచి అక్కడి రాజధానిలోని మన దేశపు ఆఫీసుకు పలుమార్లు తిరిగింది. చివరికి ఇస్తామన్నారు. అప్పటికి అవ్వ వెళ్లిపోయింది. కర్మకాండలకు కూడా చిన్నవ్వ అందుకోలేదు. ఆ తర్వాత, ఇంక ఎవరిని చూడడానికి రావాలి అని, ఆమె ఈ వైపు రానే లేదు.

అవ్వ మంచంలో ఉన్నన్నాళ్లూ మాట సరిగా రాక, ఒక పక్క చెయ్యి ఎత్తి గుమ్మం వైపు చూపించేది. ఎవరి కోసమో ఇంట్లో అందరికీ తెలుసు. తాతయ్య ఆ సమయంలో కొట్టుకు పోవడం మానేశాడు. ఆమె చూపించిన ప్రతిసారీ లేచి, గుమ్మం దాకా నడిచి, వీధిలోకి తొంగి చూసి, వచ్చి కూర్చునేవాడు. ఎవరూ లేరని తెలిసినా అలా లేచి చూసి వచ్చేవాడు.

నేను కాలేజీలో చేరిన ఏడు, ఒక సాయంత్రం కొట్లో ఆయన పక్కన కూర్చుని ఉండగా, నేను అడగకుండానే చెప్పాడు.

"ఆ దినం చిత్తూరులో ఆ ఆఫీసు గేటు దాకా పోయినాను పాపా. అడిగితే కుదరదంటారేమో, అన్నాక పంపించక తప్పదేమో అనిపించింది. వాకిట్లో చెట్టు కింద కొంతసేపు నిలబడి వచ్చేసినాను."

  ఆయన మంచివాడు కాకపోతే నాకు అర్థం చేసుకోవడం సులభమయ్యేది. ప్రేమ కొద్దీ చేసిన పని, ఆయన ప్రేమించిన మనిషికే చివరి కోరిక దక్కకుండా చేసిందని ఆయనకు తెలుసు. తెలిసే ఇంకా చాలా ఏళ్లు బతికాడు.

నిరుడు నేను మలేషియా వెళ్లాను. చిన్నవ్వ ఇప్పుడు లేదు. ఆమె కూతురిని, అంటే మా అత్తను, చూసి రావాలని. ఇప్పుడు మనవాళ్లు కొద్ది రోజుల కోసం వెళ్తే ముందుగా వీసా అక్కర్లేదు. ఫోనులో వివరాలు నింపి వెళ్తే, దిగినచోటే ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్తారు. ఈసారి విదేశీయురాలిని నేను. అత్త తెలుగు కూడా వాళ్లమ్మ తెలుగే. నా తిరుగు ప్రయాణం దగ్గరపడేసరికి, వాళ్ల మనవరాలి పేరు పెట్టే వేడుక ఇంకొన్ని రోజుల్లో ఉంది. అది నా గడువు దాటాక వస్తుంది. ఉండాలని నాకు చాలా ఉంది. అత్తకు ఇంకా ఎక్కువ.  మరునాడు పొద్దున్నే స్నానాలు చేసి, ఇద్దరం కలిసి అక్కడి ఆఫీసుకు వెళ్లాం. కౌంటరులో చున్నీ కప్పుకున్న అమ్మాయి మా మాటంతా ఓపికగా విని, ఇలాంటి వాటికి పొడిగించరని, మళ్లీ ఇంకోసారి రమ్మని చెప్పింది.

మేము బయటికి వచ్చి, ఎదురుగా ఉన్న హోటల్లో టీ తాగాం. అత్త నా చేతి మీద చెయ్యి వేసింది. కాదన్నారు, అంతే. మా తాతయ్య ఆ చెట్టు కిందే ఆగిపోయింది ఈ చిన్న మాటకు భయపడి. డాక్టరు గదిలోనైనా, పిల్లల దగ్గరైనా, జవాబు నాకు నచ్చదేమో అని కాళ్లు వెనకాడిన ప్రతిచోటా, ఆయనను తలుచుకుని లోపలికి వెళ్లి అడుగుతాను.