మామిడి తోటలో నెలవంకలు

ప్రయాణాల్లో నన్ను వేగులవాడిగా అనుమానించిన మనిషి చాట్రాయి దగ్గరి మామిడి రైతు ఒక్కరే. సూర్యగ్రహణం పట్టిన ఆ ఉదయం ఆయన తోటలో వంగి నేలను ఫోటోలు తీస్తున్నాను. తల మీద తువ్వాలు కప్పుకుని ఆయన గబగబా వచ్చారు.

"గ్రహణం వేళ అందరూ ఇళ్లల్లో ఉంటే మీకిక్కడ పనేంటండీ? పూత చూసి రమ్మని ఏ వ్యాపారి పంపాడు?"

అక్కడ పూత చూసే పంట బేరాలు కుదురుతాయి. నేను కిందికి చూపించాను. ఆకుల సందుల్లోంచి పడే ఎండ మరకలన్నీ నెలవంకల్లా ఉన్నాయి. చంద్రుడు అడ్డొచ్చి సూర్యుడు అంతే మిగిలాడనీ, ప్రతి సందూ ఆ బొమ్మనే నేల మీద వేస్తోందనీ చెప్పాను.

"మా తోటలోనేనా?"

"అన్ని తోటల్లోనూ అండీ."

ఆయన నమ్మలేదు. కంచె దాకా వెళ్లి పక్క తోటలోకి తొంగి చూసి వచ్చారు.

"వాళ్లకీ పడ్డాయిలెండి," అన్నారు తేలిగ్గా. తన తోటకే ఎవరో ఏదో చేయించారని ఆయన భయమని అప్పుడర్థమైంది.

నేను మళ్లీ ఫోన్ ఎత్తాను.

"నేల తీసుకోండి. ఫోటోలో పూత మాత్రం పడకూడదు," అంటూ తువ్వాలు విప్పి కొమ్మకి అడ్డంగా పట్టుకున్నారు.

దాని నీడకి నా కాళ్ల దగ్గరి నెలవంకలన్నీ మాయమయ్యాయి.