ఎనిమిదో వచనం దగ్గర

ఉన్నమాట చెప్పినందుకు మా చర్చిలో నన్ను ప్రభువు బల్లకు దూరం చేశారు. సంఘం ముందు నిలబడి తప్పయిందని ఒప్పుకుంటే తప్ప రొట్టె గానీ ద్రాక్షారసం గానీ ఇచ్చేది లేదన్నారు. నేను ఒప్పుకోలేదు. అప్పటికి నాకు పెళ్లయి ఏడాది కాలేదు. ఇప్పుడు చేతికర్ర లేనిదే గుమ్మం దిగలేను.

ఇదంతా మళ్లీ ఎందుకు తవ్వుతున్నానంటే, మొన్న ఈస్టరు తెల్లవారుజామున, రేపల్లె దగ్గర మా ఊరి సమాధుల తోటలో, కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు గారు మైకు పట్టుకుని, నాలుగు సువార్తల్లోకీ పాతదని పండితులు చెప్పే సువార్త చివరి అధ్యాయం చదువుతూ ఎనిమిదో వచనం దగ్గర ఆగారు. దొరికిన చేతిరాత ప్రతుల్లో బాగా పాతవాటిలో ఇది ఇక్కడితోనే ముగుస్తుందనీ, లేచిన ప్రభువు శిష్యులకు కనబడే మిగతా వచనాలు తర్వాత చేర్చి ఉంటారనీ తాపీగా చెప్పి, ప్రార్థనలోకి వెళ్లిపోయారు. ఎవ్వరూ తలెత్తలేదు. ఆరాధన కాగానే అందరూ ఉప్మా, కాఫీల వైపు నడిచారు. నేను మాత్రం కుర్చీలోంచి లేవలేకపోయాను. నేను ఆనాడు అన్నదీ అదే మాట, అదే తోటలో, అదే పండగ పూట.

చదువు మధ్యలో ఆగిపోయి తెనాలిలో ఒక అచ్చాఫీసులో సీసం అక్షరాలు పేర్చే పనికి కుదిరినవాణ్ణి నేను. అక్కడి ఫోర్‌మన్ గారికి దేవుడంటే గిట్టదు, నన్ను గిల్లడమంటే మహా సరదా. “ఏమోయ్, మీవాడు సమాధిలోంచి లేచాడంటారు గదా, చూసినవాడి సంతకం ఏదీ?” అని నలుగురిలో అడిగి నవ్వించేవాడు. ఆయన నోరు మూయించాలన్న పంతంతోనే లైబ్రరీలో దూరాను, నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు కూడబలుక్కుని చదివాను. రోమనుల చరిత్రకారుడొకడూ, యూదుల చరిత్రకారుడొకడూ యేసు ప్రస్తావన కొద్ది మాటల్లో తెచ్చారనీ, సిలువ వేశారన్నది నమ్మకం లేని పండితుల్లో కూడా చాలామంది ఒప్పుకుంటారనీ, సువార్తలు మాత్రం దాదాపు ఒక తరం గడిచాక రాయడం మొదలైందనీ, లేచాడన్న దానికి నమ్మినవాళ్ల మాటే తప్ప చరిత్ర చేతికి మరొకటి దొరకదనీ అలా తెలిసింది. విశ్వాసం పోతుందేమోనని భయపడ్డాను. పోలేదు. ఆ ఎనిమిదో వచనంలో ఆడవాళ్లు ఖాళీ సమాధి చూసి, వణికిపోయి, ఎవరికీ ఏమీ చెప్పకుండా పారిపోతారు. కల్పించి రాసేవాడైతే కథను అలా గాలికి వదిలేస్తాడా? నా నమ్మకం గట్టిపడింది అక్కడే.

ఆ ఏడు, పట్నంలో అక్షరాల మధ్య బతుకుతున్నవాణ్ణి కదా అని, ఈస్టరు పాఠం నన్ను చదవమన్నారు. సున్నం వేసిన సమాధుల మీద కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. ఎనిమిదో వచనం దాకా చదివి, గ్రంథం మూసి, నాకు తెలిసింది చెప్పాను. ఎందుకు నమ్మకం పెరిగిందో చెప్పేలోపే సంఘ పెద్ద ఒకాయన లేచి నిలబడ్డాడు. “ఎవడ్రా నీకు నేర్పింది? తెనాలి నాస్తికులా?” అన్నాడు. పాస్టరు గారు నా చేతిలోంచి గ్రంథం లాక్కుని మిగిలిన వచనాలు తానే చదివారు. పై ఆదివారమే నాకు శిక్ష వేశారు.

అప్పటినుంచి నెలనెలా బల్ల ఇచ్చే ఆదివారం ఊరికి వెళ్లి నేను వెనక బెంచీలో కూర్చుంటే, మా ఆవిడ ఒక్కతే ముందుకు వెళ్లి, పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి మోకరించేది. రొట్టె పంచేవారు ఆ ఖాళీని దాటి వెళ్లేవారు. పాస్టర్లు మారారు, వచ్చిన ప్రతివారూ తప్పయిందని ఒక్క మాట అనెయ్యమన్నారు గానీ, ఆ మాట అవసరం లేదని అన్నవారు లేరు.

మొన్న పండగ నుంచి తెనాలికి తిరిగొస్తుంటే రైల్లో ఆవిడ మోకాళ్లు రుద్దుకుంటూ, “వచ్చే నెలకి ఇవి వంగుతాయో లేదో. ఒక్కసారి నా పక్కన మోకరించండి. తప్పయిందంటే మీ నోరేం అరిగిపోదు” అంది. అది తప్పయితేగా అనడానికి! కానీ ఆవిడ మొహం చూశాక ఊరుకోలేకపోయాను. నన్ను దూరం చేసిన పాస్టరు గారు బాపట్లలో కూతురి దగ్గర ఉంటున్నారని తెలిసి, ఆ తప్పు ఎవరిదో తేల్చుకుందామని మర్నాడే బయల్దేరాను.

దారి పొడవునా ఒకటే ఆలోచన. అప్పట్లో ఒక వచనం దగ్గర ఆగితే ఊరు ఊరంతా భగ్గుమనేది. ఇప్పుడు ఫోనులో అన్నీ దొరుకుతాయి, ఏదీ ఎవరికీ తగలదు. నన్ను తిట్టినవాళ్లు కనీసం నా మాట విన్నారు గదా అనిపించి, నా మీద నాకే చిరాకు వేసింది.

ఆయన వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. నన్ను గుర్తుపట్టి కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు. “అయ్యగారూ, ఆ ఎనిమిదో వచనం సంగతి మీకప్పుడు తెలుసా, తెలీదా?” అని అడిగాను. ఆయనిచ్చిన జవాబు ఇది:

“తెలుసు అబ్బాయ్. మా పాస్టర్ల చదువులో మొదటి ఏడే చెప్పారు. కానీ నువ్వు గ్రంథం మూసినప్పుడు, ముందటి వారమే కొడుకుని పూడ్చుకున్న తల్లి ఆ పచ్చిమట్టి మీద చెయ్యేసుకుని నా వంక చూసింది. ఇంక అంతేనా, నా బిడ్డ లేవడా అన్నట్టు చూసింది. ఆమెకేం చెప్పాలో నాకు తెలియలేదు. నీ మీద కోప్పడ్డం తేలికైంది.”